ఢిల్లీ ప్రయాణానికి లెక్క సోమవారం నుంచి

ఢిల్లీ ప్రోగ్రాం చెడిందంటే చాలామట్టుకు సోమవారం వల్లే. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, రైలు మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ, గాంధీ స్మృతి, లోటస్ టెంపుల్, అక్షరధామ్ అన్నీ ఆ రోజు మూసే ఉంటాయి. రాష్ట్రపతి భవన్ సందర్శన కూడా ఉండదు. ఉత్తర తెలంగాణ నుంచి ఢిల్లీకి రైల్లో దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. శనివారం దాకా పనులు చూసుకుని ఆదివారం పొద్దున కాజీపేటలో బండెక్కిన కుటుంబం సరిగ్గా సోమవారం పొద్దున న్యూఢిల్లీలో దిగుతుంది. నాలుగు రోజుల టూర్‌లో మొదటి రోజు గేట్ల ముందు ఫొటోలతోనే గడిచిపోతుంది. ఆ రోజు చూడదగ్గవి లేవని కాదు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి వారమంతా తెరిచే ఉంటాయి. కానీ ఆ సంగతి ముందే తెలిసి వెళ్లేవాళ్లు తక్కువ.

రెండో మూత శుక్రవారం. ఆ రోజు తాజ్‌మహల్‌లోకి మామూలు సందర్శకులను రానివ్వరు. బజార్ల సెలవులు వేరే: చాందినీ చౌక్‌లో ఎక్కువ దుకాణాలకు ఆదివారం సెలవు, సరోజినీ నగర్‌కు సోమవారం. అందుకే చూడాల్సిన స్థలాల జాబితా రాయకముందే క్యాలెండర్ ముందేసుకుని ఈ రోజులను కొట్టేయాలి. అలా చూస్తే వరంగల్ వైపు వాళ్లకు బాగా కుదిరే లెక్క ఒకటుంది. సోమవారం పొద్దున బయల్దేరి మంగళవారం దిగడం, శుక్రవారం దాకా ఢిల్లీ, శనివారం ఆగ్రా, అక్కడినుంచే తిరుగు బండి, ఆదివారానికల్లా ఇల్లు. సెలవు పెట్టాల్సింది సోమవారం నుంచి శనివారం దాకానే.

ఇక ఏ నెలలో వెళ్లాలి? ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మధ్య దాకా అన్నింటికన్నా మేలు. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్‌ను కూడా మామూలుగా ఆ రోజుల్లోనే జనానికి తెరుస్తారు. దీపావళి తర్వాత నవంబరంతా గాలి పాడైపోతుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లను అప్పుడు తీసుకెళ్లకపోవడమే మంచిది. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు పడుతుంది. ఆగ్రా దాటాక బండ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి కాబట్టి, ఆ నెలల్లో దిగిన రోజుకు ఏ స్లాటూ బుక్ చేయకూడదు. మన దగ్గర చలికాలానికి సరిపోయే స్వెటర్ అక్కడి జనవరి రాత్రికి ఆగదు. లోపల థర్మల్ బట్టలు, చెవులకు టోపీ ఉండాల్సిందే. జనవరి 26కు ముందు కర్తవ్య పథ్ చుట్టూ రిహార్సళ్లు, బారికేడ్లు ఉంటాయి, ఎర్రకోటనూ కొన్ని రోజులు మూస్తారు. ఆగస్టు 15కు ముందు ఆ మూత ఇంకా ఎక్కువ రోజులు నడుస్తుంది. మే, జూన్ ఎండల సంగతి రామగుండం వాళ్లకు చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే, ఢిల్లీలో ఆ ఎండలో నడవాల్సి వస్తుంది.

ఏ స్టేషన్‌లో ఎక్కాలి

వరంగల్, కాజీపేట రెండూ ఒక ఊరి స్టేషన్లే అయినా ఢిల్లీ బండ్ల విషయంలో రెండింటి దారీ వేరు. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చే బండ్లు కాజీపేట మీదుగా బల్లార్షా దారి పడతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. విజయవాడ వైపు నుంచి వచ్చేవి వరంగల్‌లో ఆగి, ఎక్కువగా కాజీపేటలో ఆగకుండానే ఉత్తరానికి మళ్లుతాయి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మొదటి రకం. హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరి కాజీపేట, రామగుండం, మంచిర్యాల, సిర్పూర్ కాగజ్‌నగర్‌లలో ఆగి, మర్నాడు పొద్దున న్యూఢిల్లీ చేరుతుంది. తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్, కేరళ ఎక్స్‌ప్రెస్ రెండో రకం. ఇవి వరంగల్‌లో దొరుకుతాయి. కరీంనగర్ వాళ్లకు పెద్దపల్లి దగ్గరే కానీ ఢిల్లీ బండ్లన్నీ అక్కడ ఆగవు. రామగుండమో, కాజీపేటో చూసుకోవాలి. ఆదిలాబాద్ వాళ్లు కాజీపేటకు రావడం కన్నా జాతీయ రహదారి మీద నాగ్‌పూర్ వెళ్లి అక్కడ ఎక్కడమే నయం. నాగ్‌పూర్ నుంచి బండ్లూ ఎక్కువ, రాత్రి ఒక్కటే ప్రయాణం.

విమానం సంగతి. శంషాబాద్ నుంచి ఢిల్లీకి గాల్లో రెండు గంటల పైచిలుకే. కానీ హన్మకొండ నుంచి ఘట్‌కేసర్ దాకా వచ్చి, ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడం, రెండు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండటం, అక్కడ దిగి రూముకు వెళ్లడం కలిపితే ఒక పగలు పోయినట్టే. వరంగల్ పక్కనే ఉన్న మామునూరులో విమానాలు మొదలైతే ఈ లెక్క మారుతుంది. అప్పటిదాకా నలుగురైదుగురున్న కుటుంబానికి రాత్రి పడుకుని వెళ్లే రైలే కిఫాయతు. ఒంట్లో బాగాలేని పెద్దలు, చంటిపిల్లలు ఉంటే మాత్రం విమానం ఖర్చు దండగ కాదు.

టికెట్ దగ్గర పొరపాట్లు

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకు తెరుచుకుంటుంది. 2024 నవంబరు 1కి ముందు ఇది 120 రోజులు. పాత లెక్క గుర్తున్నవాళ్లు ఇంకా కొందరున్నారు. ప్రయాణం రోజును ఈ 60లో కలపరు. ఫిబ్రవరి 16న బయల్దేరాలంటే బుకింగ్ తెరుచుకునేది డిసెంబరు 18న. అయితే ఆ తేదీ బండి మొదటి స్టేషన్‌లో బయల్దేరే రోజుది, మనం ఎక్కే రోజుది కాదు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ చెన్నైలో రాత్రి బయల్దేరి మర్నాడు పొద్దున వరంగల్ వస్తుంది. అంటే 16న వరంగల్‌లో ఎక్కే బండి 15వ తేదీ బండి. దాని బుకింగ్ డిసెంబరు 17ననే తెరుచుకుంటుంది.

తత్కాల్‌లో ఈ ఒక్క రోజు తేడాకు కొంప మునుగుతుంది. తత్కాల్ కూడా బండి మొదలయ్యే రోజుకు ఒక రోజు ముందు, ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు ఇస్తారు. అదే 16న వరంగల్‌లో తమిళనాడు ఎక్కాలంటే తత్కాల్ 14నే అయిపోతుంది. 15న పొద్దున 10 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లకు మిగిలేది ఖాళీ తెరే. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు ఈ బాధ లేదు, హైదరాబాద్‌లోనూ కాజీపేటలోనూ తేదీ ఒకటే. ఆన్‌లైన్ తత్కాల్‌కు 2025 జులై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఐఆర్‌సీటీసీ ఖాతా ఉండాలి. ఆ పని టికెట్ తీసే రోజు కాదు, వారం ముందే చేసిపెట్టుకోవాలి. మామూలు టికెట్‌కు ఒక బుకింగ్‌లో ఆరుగురు, తత్కాల్‌కు నలుగురే. ఐదుగురున్న కుటుంబం తత్కాల్‌లో రెండు టికెట్లు తీయాలి, అవి రెండు బోగీల్లో పడొచ్చు.

వెయిటింగ్ లిస్టులన్నీ ఒక్క తీరుగా కదలవు. బండి మొదటి స్టేషన్ నుంచి తీసిన టికెట్‌కు మామూలుగా జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్టు) వస్తుంది, అది బాగా కదులుతుంది. మధ్య స్టేషన్ల నుంచి తీస్తే ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్‌లోనో (మధ్య స్టేషన్ల లిస్టు), పీక్యూడబ్ల్యూఎల్‌లోనో (కొన్ని స్టేషన్లకు కలిపి ఉండే కోటా లిస్టు) పడొచ్చు. వాటికుండే కోటా చిన్నది, అందులోనే ఎవరైనా రద్దు చేసుకుంటే తప్ప ముందుకు జరగదు. మొదటిదానిలో 40 ఉన్నా ఆశ పెట్టుకోవచ్చు, మూడోదానిలో 12 చూసి ధీమాగా ఉండటం ప్రమాదం. చార్టు పడేనాటికి ఖరారు కాని ఆన్‌లైన్ వెయిటింగ్ టికెట్ దానంతటదే రద్దయి డబ్బులు వెనక్కొస్తాయి. దాంతో రిజర్వుడు బోగీ ఎక్కడానికి వీల్లేదు.

కాజీపేట నుంచి బెర్తు లేనప్పుడు హైదరాబాద్ నుంచి న్యూఢిల్లీకి ఉందేమో చూడాలి. ఉంటే టికెట్ అక్కడినుంచే తీసి, బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ స్టేషన్‌గా కాజీపేట ఎంచుకోవచ్చు. చార్జీ హైదరాబాద్ నుంచి కట్టాల్సి వస్తుంది. 1500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో ఆ పెరుగుదల తక్కువే. బోర్డింగ్ పెట్టడం మరిచిపోతే మాత్రం బండి హైదరాబాద్‌లో కదిలాక బెర్తు ఖాళీగా ఉందని టీటీఈ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు.

పెద్దవాళ్లకు కింది బెర్తు విషయంలోనూ ఒక మెలిక ఉంది. 60 నిండిన మగవాళ్లకు, 45 నిండిన ఆడవాళ్లకు కింది బెర్తుల కోటా ఉంది కానీ, అది ఒక్కరో ఇద్దరో ఉన్న టికెట్‌కే. అమ్మానాన్నలను, కొడుకూ కోడలును, పిల్లలను కలిపి ఒకే టికెట్‌లో వేస్తే ఆ కోటా వర్తించదు. నాన్నకు పై బెర్తు వచ్చిందని బండిలో అందరినీ బతిమాలుకోవడం ఇందువల్లే. పెద్దవాళ్లిద్దరికీ వేరే టికెట్ తీయాలి.

తిండికి పులిహోర, చపాతీలు మొదటి రోజు సాయంత్రం దాకా ఆగుతాయి. ఎండాకాలమైతే మధ్యాహ్నానికే ముగించాలి. మర్నాటికి సకినాలు, గారెప్పాలే నమ్మకం.

దిగాక

న్యూఢిల్లీ స్టేషన్‌కు 16 ప్లాట్‌ఫాంలు, రెండు వైపుల గేట్లు. ఒకటో ప్లాట్‌ఫాం వైపు పహాడ్‌గంజ్, 16వ ప్లాట్‌ఫాం వైపు అజ్మేరీ గేట్. మెట్రో అజ్మేరీ గేట్ వైపుంది. పహాడ్‌గంజ్ వైపు బయటికొచ్చి మెట్రో ఏదని అడిగితే సామానుతో వంతెన మీదుగా మళ్లీ ఈ కొస నుంచి ఆ కొసకు రావాలి. ఆ గేటు దగ్గరే ‘మీ హోటల్ మూతపడింది’, ‘టికెట్ క్యాన్సిల్ అయింది, ఆఫీసుకు రండి’ అంటూ పలకరించేవాళ్లు ఉంటారు. సమాధానం చెప్పకుండా నడవడమే మందు. ఆటో కావాలంటే ప్రీపెయిడ్ బూత్‌లో చీటీ తీసుకుని, ఆ చీటీని దిగాల్సిన చోటు వచ్చాకే డ్రైవర్‌కు ఇవ్వాలి. కొన్ని బండ్లు హజ్రత్ నిజాముద్దీన్‌లో ఆగిపోతాయి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూసుకునే రూము తీసుకోవాలి.

బండి పొద్దున 8 లోపు దింపుతుంది, హోటళ్లు గది ఇచ్చేది ఎక్కువగా 12కు. ముందుగా గది ఇస్తారా, అదనం ఎంత అని బుక్ చేసేటప్పుడే అడిగి ఉంచుకోవాలి. లేదంటే స్టేషన్ క్లోక్‌రూం ఉంది, కానీ తాళం లేని బ్యాగు అక్కడ తీసుకోరు. జిప్ బ్యాగులకు చిన్న తాళాలు ఇంటి దగ్గరే వేసుకుని రావాలి.

రూము విషయంలో చూడాల్సింది రోజు అద్దె కాదు, మెట్రో స్టేషన్‌కు ఎంత దూరమన్నది. పహాడ్‌గంజ్ చవక, స్టేషన్‌కు నడకే, గోల ఎక్కువ. కరోల్ బాగ్ కుటుంబాలకు నయం, బ్లూ లైన్ ఉంది. సివిల్స్ కోచింగ్ పిల్లల పుణ్యమా అని ఆ పక్క రాజేందర్ నగర్ దాకా దక్షిణాది భోజనమూ దొరుకుతుంది. మహిపాల్‌పూర్ హోటళ్లు ఫొటోల్లో బాగుంటాయి, ధరా తక్కువే. అవి ఎయిర్‌పోర్టు కోసం పుట్టినవి. అక్కడ దిగితే రోజూ రానూపోనూ రెండు మూడు గంటలు రోడ్డు మీదే. తెలంగాణ భవన్‌లో గదులు ప్రధానంగా అధికారులకు, ప్రజాప్రతినిధులకు. సిఫారసు ఉత్తరం ఉన్నా ఖాళీని బట్టే. దాన్ని నమ్ముకుని వేరే రూము తీసుకోకుండా వెళ్లొద్దు. అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో భోజనం మాత్రం ఎవరైనా చేయొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత వెళ్తే వరుసలో నిలబడాలి.

మెట్రో చార్జీ దూరాన్ని బట్టి 11 నుంచి 64 రూపాయలు. స్మార్ట్ కార్డుకు 10 శాతం తగ్గింపు ఉంది. ఒక కార్డుతో ఒక్కరే వెళ్లగలరు, నలుగురికి ఒక్కటి సరిపోదు. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. మొదటి బోగీ ఆడవాళ్లది, తెలియక ఎక్కిన మగవాళ్లకు జరిమానా. కుతుబ్ మినార్ స్టేషన్ పేరు చూసి గేటు ముందే దిగుతామనుకోవద్దు, అక్కడినుంచి ఆటో కావాలి.

ఓరుగల్లు వాళ్లకు ఢిల్లీలో పనికొచ్చే చోట్లు

స్థలాలను పేరును బట్టి కాక దిక్కును బట్టి విడగొట్టాలి. ఎర్రకోట, జామా మసీదు, చాందినీ చౌక్, రాజ్‌ఘాట్ ఒక రోజు. రాష్ట్రపతి భవన్, ప్రధానమంత్రి సంగ్రహాలయ, నేషనల్ మ్యూజియం, ఇండియా గేట్, నేషనల్ వార్ మెమోరియల్ ఒక రోజు, చివరి రెండూ సాయంత్రానికి. దక్షిణాన కుతుబ్, హుమాయూన్ సమాధి ఒక రోజు. పొద్దున కుతుబ్ చూసి లోటస్ టెంపుల్, హుమాయూన్, ఎర్రకోట అంటూ ఊరంతా చుట్టే వన్ డే టూర్ బస్సుల్లో చూసే సమయం కన్నా కూర్చునే సమయం ఎక్కువ.

దక్షిణం రోజును వరంగల్ వాళ్లు కాస్త తీరిగ్గా పెట్టుకోవాలి. కుతుబ్ ఆవరణలో ఉత్తరం వైపు ఒక మొండి గోపురం ఉంటుంది. గైడ్లు చాలామంది దాన్ని దాటేసి పోతారు. అది అలాయ్ మినార్. కుతుబ్ మినార్‌కు రెట్టింపు ఎత్తు కట్టాలని అల్లావుద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టింది, మొదటి అంతస్తు దగ్గరే ఆగిపోయింది. అతని సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించి, ప్రతాపరుద్రుడి నుంచి కప్పం తీసుకుని ఢిల్లీ చేరింది 1310లో. పక్కనున్న అలాయ్ దర్వాజా పూర్తయింది 1311లో. ఖిలా వరంగల్ తోరణాలు చూసి పెరిగిన పిల్లలకు ఈ రెండు తేదీలు పక్కపక్కన చెప్తే చాలు, మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

ఇంకొకటి నిజాముద్దీన్ బస్తీలో ఉంది. 1323లో ఓరుగల్లు పడ్డాక ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకెళ్తుండగా దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడని శాసనం చెప్తుంది. ఆయన కొలువులోని ఒక అధికారి మాత్రం ఢిల్లీ చేరి, ఇస్లాం పుచ్చుకుని మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో వజీరు పదవికెక్కి ఖాన్-ఇ-జహాన్ అనిపించుకున్నాడు. చరిత్రకారులు ఆయన్ను మక్బూల్ తిలంగానీ అంటారు. కాకతీయుల గన్నమ నాయకుడే ఈయనని కొందరి లెక్క. ఆయన సమాధి ఢిల్లీలో కట్టిన మొదటి ఎనిమిది పలకల సమాధి. తర్వాత లోధీ గార్డెన్‌లోని మహమ్మద్ షా సమాధి, హుమాయూన్ ఆవరణలోని ఈసా ఖాన్ సమాధి అదే తీరులో లేచాయి. మక్బూల్ సమాధి బస్తీ ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది, వెతుక్కుంటూ పోవాలి. అంత ఓపిక లేనివాళ్లకు ఈసా ఖాన్ సమాధి హుమాయూన్ టికెట్‌లోనే వస్తుంది. మక్బూల్ కొడుకు జూనా షా కట్టించిన ఖిడ్కీ మసీదు సాకేత్‌లో పెద్ద మాల్‌కు ఎదురుగానే ఉంది.

పీవీ కోసం వెళ్లేవాళ్లకు రెండు చోట్లు: తీన్ మూర్తి దగ్గరి ప్రధానమంత్రి సంగ్రహాలయ, రాజ్‌ఘాట్ పక్క ఏక్తా స్థల్ ఆవరణలో 2015లో కట్టిన స్మారకం. మొదటిదానికి సగం రోజు కావాలి.

రాష్ట్రపతి భవన్‌కు ఆన్‌లైన్‌లో ముందే స్లాట్ తీసుకోవాలి, గేటు దగ్గర టికెట్ ఇవ్వరు. పేర్లు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉంటే గేటు దగ్గర వాదన తప్పదు. పార్లమెంటు చూడాలంటే ఎంపీ ద్వారానే దారి. అక్కడికెళ్లాక కాదు, బయల్దేరే ముందే నియోజకవర్గ ఆఫీసులో వివరాలు ఇచ్చి రావాలి. అక్షరధామ్‌లోకి ఫోన్లు, బ్యాగులు, స్మార్ట్ వాచీలు రానివ్వరు. క్లోక్‌రూం వరుసే కొన్నిసార్లు గంట పడుతుంది కాబట్టి ఫోన్లు రూములోనే వదిలేయడం హాయి. ఫోన్ లేకుండా తప్పిపోతే పిలిచే దారి ఉండదు. లోపలికి పోకముందే ఎక్కడ కలుసుకోవాలో అందరికీ చెప్పి, పిల్లల జేబులో హోటల్ పేరు రాసిన చీటీ పెట్టాలి. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. స్కూల్ ఐడీ కార్డో, ఆధార్ జిరాక్సో ఉంటే మాట పెరగదు.

ఆగ్రా కోసం వెనక్కి రావొద్దు

ఢిల్లీకి వెళ్లే మన బండ్లు ఆగ్రా మీదుగానే పోతాయి. అయినా చాలామంది ఢిల్లీలో దిగి, 200 కిలోమీటర్లు వెనక్కి ఆగ్రా వెళ్లి, మళ్లీ ఢిల్లీ వచ్చి, అదే దారిన మూడోసారి ఇంటికొస్తారు. ఒక రోజు, ఒక రాత్రి అద్దె, టాక్సీ డబ్బులు ఊరికే పోతాయి. తిరుగు ప్రయాణంలో శనివారం పొద్దున గది ఖాళీ చేసి, నిజాముద్దీన్ నుంచి గతిమాన్ ఎక్కితే 100 నిమిషాల్లో ఆగ్రా. అది శుక్రవారం నడవదు, తాజ్ సెలవు కూడా అదే రోజు కాబట్టి ఇబ్బంది లేదు. సామాను ఆగ్రా కంటోన్మెంట్ క్లోక్‌రూంలో వేసి, తాజ్, ఆగ్రా కోట చూసి, సాయంత్రం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అందుకోవచ్చు. వెళ్లేటప్పుడే ఆగ్రాలో తెల్లవారుజామున దిగి సూర్యోదయానికి తాజ్ దగ్గరికి పోవాలనుకునేవాళ్లూ ఉన్నారు. మంగళవారం కాబట్టి రద్దీ తక్కువే. మార్చిలో అది బాగుంటుంది. చలికాలంలో ఆ వేళ మంచులో తాజ్ కనిపించదు, బండీ చెప్పిన టైముకు రాదు.

తాజ్ టికెట్ 50 రూపాయలు, లోపలి సమాధి గదికి ఇంకో 200. ఆన్‌లైన్‌లో తీస్తే కౌంటర్ వరుస తప్పుతుంది. తినే సామాను లోపలికి పోనివ్వరు. బ్యాగులో మిగిలిన సకినాల పొట్లం కూడా క్లోక్‌రూంలోనే.

తిరుగు టికెట్‌కు కాజీపేటలో చేసిన ఉపాయమే ఇక్కడా పనిచేస్తుంది. ఆగ్రా నుంచి కోటా తక్కువ కాబట్టి న్యూఢిల్లీ నుంచి కాజీపేటకు తీసి, బోర్డింగ్ ఆగ్రా కంటోన్మెంట్ అని పెట్టాలి. ఆగ్రాలో స్టేషన్లు ఒకటి కన్నా ఎక్కువ. కోట ఎదురుగానే ఆగ్రా ఫోర్ట్ స్టేషన్ కనిపిస్తుంది కానీ మన బండి అటు రాదు. కోట చూసి బయటికొచ్చాక ఆటో అతనికి వట్టి స్టేషన్ అనకుండా కంటోన్మెంట్ అని చెప్పి, గంటన్నర ముందే కదలాలి.